ఎక్కడ? ఎప్పుడు? దేనివల్ల?
(మన వాడను ప్రమాదాల నుంచి, నేరాల నుంచి కాపాడుకోవడం గురించి ఆరోగ్య అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆసుపత్రికి ఎవరినైనా గాయంతో తీసుకొచ్చినప్పుడు వెంట వచ్చినవారి నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది. "వాడి టైము బాగాలేదండీ" అంటారు. "రాసిపెట్టి ఉంది, జరిగింది" అంటారు ఇంకొకరు. ఒకసారి ఆలోచించండి. జ్వరం వస్తే మనం అలా అనం. దోమలు ఎక్కువయ్యాయి అంటాం. విరేచనాలు పట్టుకుంటే కుళాయి నీళ్లు బాగాలేవంటాం. అంటే జబ్బుకు కారణం వెతుకుతున్నాం. కాని చెయ్యి కాలినా, కాలు విరిగినా, బిడ్డ నీళ్ల తొట్టిలో పడినా తలరాత అని ఊరుకుంటున్నాం.

ఈ రోజు మీతో చెప్పదలచుకున్నది ఒక్కటే. గాయం కూడా జబ్బు లాంటిదే. దానికి ఒక చోటు ఉంటుంది, ఒక వేళ ఉంటుంది, ఒక కారణం ఉంటుంది. ఈ మూడూ తెలుసుకుంటే చాలా గాయాలను రాకుండా ఆపవచ్చు. దెబ్బలాటలు, దొంగతనాలు, ఆడవారి మీద దౌర్జన్యాలు కూడా ఇంతే. అవి కూడా ఎక్కువగా అవే చోట్ల, అవే వేళల్లో జరుగుతుంటాయి.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని మన పెద్దలు అన్నది గాయాల గురించి. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరగడం అన్నది నేరాల గురించి. రెండు సామెతలూ చెప్పేది ముందు జాగ్రత్త గురించే.

రెండు ఊళ్లు నేర్పిన పాఠం

వేల్స్ దేశ రాజధాని కార్డిఫ్. అక్కడ జొనాథన్ షెపర్డ్ అనే వైద్యుడు ముఖానికి, దవడలకు శస్త్రచికిత్స చేసేవారు. కొట్లాటల్లో ముఖం పగిలి వచ్చేవారికి కుట్లు వేయడం ఆయన పని. ఆయన ఒక సంగతి గమనించారు. దెబ్బలు తిని ఆసుపత్రికి వచ్చినవారిలో చాలామంది గురించి పోలీసులకు తెలియనే తెలియదు. భయం వల్ల కొందరు, సిగ్గు వల్ల కొందరు ఫిర్యాదు ఇవ్వడం లేదు. అందువల్ల ఏ వీధిలో ఎక్కువ గొడవలు జరుగుతున్నాయో పోలీసులకు తెలిసేది కాదు.

అప్పుడు అత్యవసర విభాగంలో పేరు రాసుకునే సిబ్బంది గాయపడినవారిని మరికొన్ని ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు. ఎక్కడ జరిగింది? ఎప్పుడు జరిగింది? దేనితో కొట్టారు? రోగి పేరు బయటపెట్టకుండా ఈ వివరాలు మాత్రం పోలీసులకు, నగరపాలక సంస్థకు అందించారు. ఏ వీధిలో, ఏ రాత్రి గొడవలు ఎక్కువో తేలింది. పోలీసు గస్తీని ఆ వీధులకు మార్చారు. పగిలిన గాజు గ్లాసులతో ముఖాలు కోసుకుంటున్నాయని తేలినప్పుడు, సులభంగా పగలని గ్లాసులు వాడాలని పట్టుబట్టారు. 2011లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే కార్డిఫ్‌లో దాడుల వల్ల ఆసుపత్రిలో చేరవలసి వచ్చినవారు 42 శాతం తగ్గారు. దానికి మూలం మూడు ప్రశ్నలు.

రెండవ ఊరు స్వీడన్ దేశంలోని ఫాల్‌షాపింగ్. 1970ల చివరిలో అక్కడ ఆసుపత్రికి వచ్చే ప్రతి గాయాన్ని రాసుకోవడం ప్రారంభించారు. ఇంట్లో తగిలిందా, పొలంలోనా, రోడ్డు మీదా, ఆటస్థలంలోనా అని విడదీశారు. ఆ లెక్కలు చూసి ఆరోగ్య కార్యకర్తలు, బడులు, ఊరి సంఘాలు కలిసి పనిచేశాయి. గాయాలు గణనీయంగా తగ్గాయి. 1989లో స్టాక్‌హోంలో జరిగిన మొదటి ప్రపంచ గాయాల నివారణ మహాసభ "సురక్షిత సమాజాలు" అనే ఆలోచనను ప్రపంచమంతటికీ అందించింది. ఆరోగ్యంగా, క్షేమంగా ఉండే హక్కు మనుషులందరికీ సమానమని అక్కడ ప్రకటించారు.

అవి డబ్బున్న దేశాలు కదా, మాకు సాధ్యమా అని మీరు అడగవచ్చు. పుస్తకానికి, పెన్నుకు పెద్ద ఖర్చు లేదు. మన పొదుపు సంఘం సోదరీమణులు నెలనెలా పుస్తకం రాస్తూనే ఉన్నారు కదా.

వాడ పుస్తకం

మీ వాడలో ఒక నోటుపుస్తకం పెట్టండి. ఆశా కార్యకర్త గాని, అంగన్‌వాడీ టీచరు గాని, సంఘం లీడరు గాని దాన్ని రాయవచ్చు. వాడలో ఎవరికైనా గాయం తగిలినా, దొంగతనం, దౌర్జన్యం జరిగినా ఒక వరుస రాయండి: ఎక్కడ, ఎప్పుడు, దేనివల్ల.

పేర్లు మాత్రం రాయకండి. ఇది చాలా ముఖ్యం. తప్పు ఎవరిదో తేల్చడానికి పెట్టిన పుస్తకం కాదిది. పేర్లు రాస్తే జనం నిజం చెప్పరు. వాడలో తగాదాలు మొదలవుతాయి. మనకు కావలసింది చోటు, వేళ, కారణం.

మూడు నెలలు రాసిన తరువాత అందరూ కూర్చుని చదవండి. కుళాయి దగ్గర పాచి పట్టిన బండ మీద ముగ్గురు జారి పడ్డారనుకుందాం. ముగ్గురూ ఎవరికి వారు తమ పొరపాటే అనుకొని ఉంటారు. పుస్తకంలో మూడు వరుసలు ఒకచోట కనబడితే తప్పు బండదని తెలుస్తుంది. ఒక గంట పని చేసి బండను గీకి, గరుకు సిమెంటు వేస్తే నాలుగో మనిషి పడడు.

ఇప్పుడు మన ఇళ్లలో, పొలాల్లో, రోడ్ల మీద ఎక్కువగా జరిగే వాటిని ఈ మూడు ప్రశ్నలతోనే చూద్దాం.

1. విషం: సీసాలో ఏముంది?

2013 జులై 16న బీహార్ రాష్ట్రం సారణ్ జిల్లా గండామన్ గ్రామంలో బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ భోజనంలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుల మందు కలిసిందని పరీక్షల్లో తేలింది. పురుగుల మందు ఉంచిన డబ్బాలో వంటనూనె ఉంచడమే దానికి కారణమని చెప్పారు. కావాలని ఎవరో చేశారా అన్న సంగతి అలా ఉంచి, మన ఇంటి వైపు ఒకసారి చూసుకుందాం. మిగిలిన మందును కూల్‌డ్రింకు సీసాలో పోసి గూట్లో పెట్టే అలవాటు మన ఇళ్లలో లేదా? బాత్‌రూము కడిగే యాసిడ్‌ను నీళ్ల సీసాలో తెచ్చుకోవడం లేదా? దాహం వేసిన పిల్లవాడికి సీసా కనబడుతుంది గాని లోపల ఉన్నది తెలియదు.

• పురుగుల మందు, యాసిడ్, కిరోసిన్ వచ్చిన డబ్బాలోనే ఉంచండి. తాగే సీసాల్లోకి మార్చకండి.
• మందులన్నీ తాళం వేసే పెట్టెలో పెట్టండి. తాళంచెవి ఒక పెద్ద మనిషి దగ్గర ఉండాలి. ఇంట్లో ఎవరైనా మనసు బాగాలేక దిగులుగా ఉన్నప్పుడు ఈ తాళం ఒక ప్రాణాన్ని నిలబెట్టవచ్చు. వారిని ఒంటరిగా వదలకండి. డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.
• ఖాళీ అయిన మందు డబ్బాలను కడిగి ఇంట్లో వాడుకోకండి. రంధ్రాలు చేసి పనికిరాకుండా చేయండి.
• ఎవరైనా పొరపాటున తాగితే ఉప్పునీళ్లు పోసి వాంతి చేయించకండి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆ డబ్బాను కూడా వెంట తీసుకురండి.

2. నిప్పు

శ్రీలంకలో డాక్టర్ విజయ గోదకుంబుర అనే శస్త్రవైద్యుడు కాలిన గాయాలతో వచ్చేవారికి చికిత్స చేసేవారు. పాత సీసాలకు వత్తి పెట్టి చేసుకున్న కిరోసిన్ బుడ్లు తన్నుకుని పడి మంటలు అంటుకుంటున్నాయని ఆయన గమనించారు. 1990లలో ఆయన ఒక చిన్న దీపాన్ని తయారుచేయించారు. అది పొట్టిగా, బరువుగా ఉంటుంది. పక్కలు బల్లపరుపుగా ఉంటాయి కాబట్టి పడినా దొర్లదు. మూత మరతో బిగుసుకుంటుంది కాబట్టి నూనె ఒలకదు. మనుషులను జాగ్రత్తగా ఉండమని చెప్పి ఊరుకోకుండా, పడినా హాని చేయని దీపాన్ని వారి చేతికిచ్చారు. ఈ ఆలోచన మనం గుర్తుంచుకోవాలి. మనిషి ఎప్పుడో ఒకప్పుడు ఏమరుపాటు పడతాడు. ఆ ఒక్క క్షణానికి ప్రాణం పోకుండా చూడడమే నివారణ.

మనకిప్పుడు కిరోసిన్ బుడ్లు తగ్గాయి, గ్యాసు వచ్చింది. కాని నేల మీద పెట్టిన పొయ్యి దగ్గర పాకే పిల్లలు, సలసల కాగే గంజి, వేలాడే నైలాన్ చీర కొంగు ఇంకా ఉన్నాయి. పొయ్యిని నడుము ఎత్తు గట్టు మీద పెట్టండి. గ్యాసు పొయ్యి గట్టు మీద, సిలిండరు కింద నిలువుగా ఉండాలి. రాత్రి పడుకునే ముందు రెగ్యులేటరు కట్టండి. గ్యాసు వాసన వస్తే కరెంటు స్విచ్చి వేయవద్దు, ఆపవద్దు. తలుపులు, కిటికీలు తెరిచి బయటకు రండి.

ఒళ్లు కాలితే వెంటనే చల్లని మామూలు నీటి ధార కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, పేడ, నూనె పూయకండి. ఐసు ముక్కలు పెట్టకండి. చర్మానికి అతుక్కున్న గుడ్డను లాగకండి. శుభ్రమైన బట్ట కప్పి ఆసుపత్రికి రండి.

3. నీళ్లు

చిన్నపిల్లలు మునిగిపోవడానికి చెరువే అక్కరలేదు. బకెట్టులో జానెడు నీళ్లు చాలు. మన పొరుగున ఉన్న బంగ్లాదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కువగా ఉదయం 9 గంటల నుంచి మధ్యాహ్నం 1 గంట మధ్యలో మునిగిపోతున్నారని లెక్కల్లో తేలింది. అది తల్లి వంటలో, ఇంటిపనుల్లో, తండ్రి పొలంలో ఉండే వేళ. ఇంటి పక్కనే గుంట. కారణం తల్లి అశ్రద్ధ కాదు, ఆ వేళకు బిడ్డను చూసే మనిషి లేకపోవడం. అందుకని ఆ వేళల్లోనే ఊళ్లో ఒకరి ఇంట్లో పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆడించే కేంద్రాలు పెట్టారు. వాటికి వెళ్లిన పిల్లల్లో మునక మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి.

మనకు అంగన్‌వాడీ ఉంది. బిడ్డను రోజూ పంపించండి. నాట్ల కాలంలో, పత్తి ఏరే కాలంలో ఆడవారంతా పొలాలకు పోతారు. అప్పుడు వాడలో ఇద్దరు పెద్దవారిని పిల్లల దగ్గర ఉంచి, వారి కూలి డబ్బు మిగిలినవారు పంచుకోండి. నీళ్ల తొట్లకు, సంపులకు మూతలు పెట్టండి. వాడని బకెట్లు బోర్లించండి.

పాడుబడిన బావికి గోడ కట్టించండి. ఎండిన బోరుబావి విషయంలో 2010లోనే సుప్రీంకోర్టు స్పష్టమైన ఆదేశాలిచ్చింది. బోరు తవ్వేటప్పుడు చుట్టూ కంచె వేయాలి. కేసింగు పైపు మీద ఇనుప మూత బిగించాలి. పనికిరాని బోరును అడుగు నుంచి నేల మట్టం వరకు మట్టి, రాళ్లతో పూడ్చాలి. ఒక గోనెసంచి కప్పి పైన రాయి పెడితే సరిపోదు. "నా పొలంలో బోరు, నా ఇష్టం" అని ఎవరైనా అంటే గొడవపడకండి. నలుగురు కలిసి వెళ్లి అడగండి. పూడ్చడానికి ఒక పూట పని సాయం చేస్తామని చెప్పండి. అప్పటికీ వినకపోతే పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఇవ్వండి.

4. పొలం

మన దేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుతో 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి సగటున 58,000 మంది. ఈ మరణాలు ఎక్కువగా ఉన్న ఎనిమిది రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు వరకు, వానాకాలంలోనే జరిగాయి. చూడండి, పాముకాటుకు కూడా వేళ ఉంది, చోటు ఉంది. వానాకాలంలో చీకటిలో వెళ్లేటప్పుడు టార్చిలైటు, కాళ్లకు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. కట్లపాము రాత్రి పూట నేల మీద పడుకున్నవారిని కాటు వేస్తుంది. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందకు దోపి పడుకోండి. కట్టెలమోపు, గడ్డివాము ఇంటి గోడకు దూరంగా ఉంచండి. కాటు పడితే కోయకండి, పీల్చకండి, తాడు బిగించి కట్టకండి. కాటుపడిన కాలు గాని చెయ్యి గాని కదపకుండా ఉంచి, పాము విషానికి మందు ఉన్న ఆసుపత్రికి తీసుకురండి. మంత్రం కోసం ఆగిన గంట మళ్లీ రాదు.

అడవి పందుల కోసం చేనుకు కరెంటు తీగ పెట్టడం నేరం. దానికి పంది పడవచ్చు, తెల్లవారుజామున నీళ్లు కట్టడానికి వచ్చిన పక్క రైతు కూడా పడవచ్చు. మోటారు స్టార్టరు తడిచేతులతో ముట్టకండి. తెగిన తీగ కనబడితే దగ్గరకు పోనివ్వకుండా ఒకరు కాపలా ఉండి, మరొకరు లైన్‌మన్‌కు ఫోను చేయండి.

తాటిచెట్టు మీద నుంచి పడడం గీత కార్మికుల తలరాత అని ఎన్నో తరాలు అనుకున్నాం. 2024 జులైలో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్ష" పేరుతో వారికి మోకు, పట్టీలతో కూడిన రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కాలు జారినా మనిషి చెట్టుకే ఆగిపోయేటట్లు చేసిన సాధనమది. మీ ఇంట్లో గీత కార్మికులుంటే కిట్టు తీసుకుని, శిక్షణ పొంది, రోజూ వాడండి.

5. రోడ్డు

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో ప్రతి పదిమందిలో నలుగురికి పైగా ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారే. హెల్మెట్ పెట్టుకుంటే చావు ముప్పు 42 శాతం, తలకు గాయమయ్యే ముప్పు 69 శాతం తగ్గుతాయని అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. హెల్మెట్ తల మీద ఉండాలి, పెట్రోలు ట్యాంకు మీద కాదు. గడ్డం కింద పట్టీ బిగించాలి. వెనుక కూర్చున్న ఇల్లాలికి, బిడ్డకు కూడా ఉండాలి. పోలీసులు కనబడే చౌరస్తాలో పెట్టుకుని, పొలం దారిలో తీసేస్తే ఏం లాభం?

మన పల్లె రోడ్లకు ప్రత్యేకమైన ప్రమాదాలు రెండున్నాయి. మొదటిది కోతల కాలంలో తారురోడ్డు మీద ధాన్యం ఆరబోయడం. ధాన్యం మీదకు బండ్లు ఎక్కకుండా చుట్టూ పెద్ద రాళ్లు పెడతారు. రాత్రి ఎత్తుకుపోయేటప్పుడు రాళ్లు అక్కడే వదిలేస్తారు. చీకట్లో వచ్చే బైకుకు ఆ రాయి కనబడదు. ధాన్యానికి కల్లం అడగండి, పంచాయతీని ఒత్తిడి చేయండి. అప్పటివరకు కనీసం రాళ్లు తీసివేయండి. రెండవది వెనుక దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీ. ఎర్రగా మెరిసే రేడియం స్టిక్కర్లు రెండు వైపులా అంటిస్తే దూరం నుంచే కనబడుతుంది. సంఘం డబ్బుతో ఊళ్లోని ట్రాలీలన్నిటికీ ఒకే రోజున అంటించవచ్చు.

ఎవరైనా రోడ్డు మీద పడి ఉంటే పోలీసు కేసు భయంతో వదిలి వెళ్లకండి. సాయం చేసినవారిని వేధించరాదని 2016లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలను ఖరారు చేసింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో కూడా చేర్చారు. పేరు చెప్పడం మీ ఇష్టం. వెంటనే 108కి ఫోను చేయండి. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లోనే ప్రారంభమైంది. రక్తం కారుతుంటే శుభ్రమైన బట్టతో గట్టిగా నొక్కి పట్టండి. మెడ విరిగిందేమోనన్న అనుమానం ఉంటే, ప్రాణానికి వెంటనే అపాయం లేనంతవరకు కదపకండి.

6. దౌర్జన్యం

ఇక చెప్పడానికి కష్టమైన విషయం. కంటి చుట్టూ కమిలి, ముంజేయి విరిగి వచ్చిన స్త్రీని "ఎలా తగిలిందమ్మా?" అని అడిగితే "బాత్‌రూములో జారి పడ్డాను" అంటుంది. పక్కన భర్త నిలబడి ఉంటాడు. జారి పడినవారికి కంటి చుట్టూ, మెడ మీద, వీపు మీద వేర్వేరు రోజుల దెబ్బలు ఉండవు. ఆ సంగతి వైద్యులకు తెలుసు. చాలాసార్లు ఇరుగుపొరుగు వారికి కూడా తెలుసు. "మొగుడూ పెళ్లాల గొడవ, మనకెందుకు?" అని తలుపు వేసుకుంటాం.

పక్కింట్లో మంట లేస్తే అలా అనం కదా. 2005 గృహహింస నిరోధక చట్టం ప్రకారం హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి మనసుతో చెప్పినవారి మీద కేసు ఉండదు. 181కి ఫోను చేయవచ్చు. సఖి కేంద్రంలో వైద్యం, ఆశ్రయం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి. అప్పటికప్పుడు ప్రమాదం ఉంటే 112. ఇవేవీ చేయలేకపోయినా, గట్టిగా అరుపులు వినిపించినప్పుడు వెళ్లి తలుపు తట్టండి. "వదినా, కాస్త చక్కెర ఉంటే ఇస్తావా?" అని అడగండి చాలు. ఎవరో ఒకరు ఉన్నారని ఆ ఇంట్లో ఇద్దరికీ తెలుస్తుంది.

పసిపిల్లల మీద అత్యాచారం జరిగితే ఊరి పెద్దల పంచాయితీలో డబ్బుతో సర్దుబాటు చేయడం నేరస్థుడిని కాపాడడమే. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. 1098 పిల్లల సహాయ నంబరు. బిడ్డ చెప్పిన మాట నమ్మండి. తిట్టకండి. స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా ఆసుపత్రికి తీసుకురండి. ఆసుపత్రి ఏదైనా సరే, చికిత్స ఉచితంగా చేయాలని చట్టం చెబుతోంది.

వీధిలో నేరాలకు కూడా మూడు ప్రశ్నలు వేయండి. గొలుసు ఎక్కడ తెంపారు? దీపం వెలగని మలుపులోనా? ఆడపిల్లలను ఏడిపించేది బస్సు దిగి నడిచే తుమ్మచెట్ల దారిలోనా? కొట్లాట ఎప్పుడు? బెల్టు షాపు దగ్గర కూలి డబ్బులిచ్చే రోజు సాయంత్రమా? చోటు తెలిస్తే మందు కూడా తెలుస్తుంది. దీపం వేయించడం, కంప కొట్టించడం, బెల్టు షాపు మీద సంఘంగా ఫిర్యాదు చేయడం, ఆడపిల్లలు గుంపుగా వచ్చేటట్లు చూడడం, ఊరు వెళ్లేవారు ఇంటి సంగతి పక్కవారికి, పోలీసు స్టేషనుకు చెప్పి వెళ్లడం.

అయితే ఒక హెచ్చరిక. వాడను కాపాడుకోవడమంటే కర్రలు పట్టుకుని కొత్తవారిని కొట్టడం కాదు. 2018 మే నెలలో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు వచ్చాయని సెల్‌ఫోన్లలో పుకార్లు తిరిగాయి. తెలంగాణలో అమాయకులను జనం కొట్టి చంపారు. భయంతో గుమిగూడిన జనమే ఆ రోజు నేరస్థులయ్యారు. అనుమానం వస్తే పోలీసులకు చెప్పండి. చెయ్యి ఎత్తకండి. వచ్చిన ప్రతి మెసేజీని ముందుకు పంపకండి.

ఈ వారం చేయవలసినవి

ఇన్ని విషయాలు ఒకేసారి చేయలేం. ఈ వారం నాలుగు పనులు చేయండి.

1. మీ ఇంట్లో గదిగదికీ తిరగండి. తాగే సీసాలో పోసిన మందు గాని, యాసిడ్ గాని ఉంటే ఈ రోజే తీసివేయండి.
2. 108, 112, 181, 1098 నంబర్లు పెద్ద అక్షరాలతో తలుపు వెనుక రాయండి. బడికి వెళ్లే పిల్లలకు కంఠతా నేర్పండి.
3. సాయంత్రం ఆరు దాటాక నలుగురు, అందులో కనీసం ఇద్దరు ఆడవారు, వాడంతా నడిచి చూడండి. చీకటి మలుపులు, మూతలేని సంపులు, వేలాడే తీగలు, జారే బండలు రాసుకోండి. పగలు కనబడనివి అప్పుడు కనబడతాయి.
4. వాడ పుస్తకం మొదలుపెట్టండి. ప్రతి నెలా సంఘం సమావేశంలో ఐదు నిమిషాలు దాన్ని చదవండి. ఒక నెలలో ఒక్క పని పూర్తి చేయండి.

ఆసుపత్రిలో మేము ఎముక అతకగలం, కుట్లు వేయగలం, విషానికి విరుగుడు ఇవ్వగలం. కాని మునిగిపోయిన బిడ్డను, ఆలస్యమైపోయిన మనిషిని తిరిగి ఇవ్వలేం. ఆ పని మీ వాడలో, మాకంటే ముందు, మీరే చేయగలరు. జరిగిన ప్రమాదానికి వందమంది వస్తారు. జరగకుండా ఆపిన ప్రమాదం ఎవరికీ కనబడదు, ఎవరూ మెచ్చుకోరు. అయినా ఆ బోరుబావికి మూత వేయండి. ఆ దీపం వేయించండి.